ఆరో సాల్లో ఇరవయ్యొకటో మొక్క

రామతులసి ఇరవై నాలుగేళ్ళు బెజవాడ స్టేషన్ పక్కన ఆర్.ఎం.ఎస్. ఆఫీసులో ఉత్తరాలు విడదీసే ఉద్యోగం చేసింది. ఎదురుగా గోడంత చెక్క గూళ్ళు, గూటికో ఊరు. కవరు మీద ఊరి పేరు చూసీ చూడకముందే చెయ్యి దాని గూటికి వెళ్ళిపోయేది. నలభై ఎనిమిదో ఏట నీటికాసుల జబ్బు వచ్చి ముందు పక్కచూపు పోయింది, ఆ తరవాత ఎదురుగా ఉన్నదీ మసకబారి పూర్తిగా చీకటైంది. రెండు ఆపరేషన్లు చేశాక డాక్టరు ఇక చేయగలిగిందేమీ లేదన్నాడు. ఉద్యోగం మానేసి కంకిపాడులో ఇంటిపట్టున ఉండిపోయింది. అయితే వరసలు మాత్రం ఆమె చేతిలోంచి పోలేదు. వంటింట్లో కందిపప్పు ఎన్నో డబ్బానో, బీరువాలో నీలం చీర పైనుంచి ఎన్నోదో తడుముకోకుండా తీసేది.

భర్త రామకోటేశ్వరరావుకి సెంటర్లో జిరాక్స్ షాపు. ఒంటిగంటన్నరకి భోజనానికొచ్చి కాసేపు నడుం వాల్చి మళ్ళీ వెళ్ళిపోతాడు. కూతురు హేమ ఎనిమిదింటి బస్సుకి బెజవాడ వెళ్ళి, ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేసి, చీకటి పడ్డాక వస్తుంది. పగలంతా రామతులసి ఒక్కతే ఉండేది. ఊరికే కూర్చుంటే అమ్మ దిగులుపడిపోతుందని హేమే ఒకరోజు స్వీట్‌కార్న్ విత్తనాల ప్యాకెట్ తెచ్చింది. ఇంటి పక్కన నాలుగు సెంట్ల ఖాళీ స్థలం ఉంది. స్థలం గలవాళ్ళు హైదరాబాదులో ఉంటారు. పిచ్చిమొక్కలు పెరక్కుండా ఏదో ఒకటి వేసుకోమని ఎప్పుడో చెప్పారు.

జనవరి చివర్లో మనిషిని పెట్టి ఆ స్థలంలో సగం తవ్వించారు. బాగా మాగిన పశువుల ఎరువు రెండు బండ్లు మట్టిలో కలిపించారు. పది సాళ్ళు, సాలుకి ఇరవై మొక్కలు. గాలికి పుప్పొడి ఒకదాని మీంచి ఒకదాని మీద పడితేనే పొత్తులో గింజ నిండుతుందని, విడివిడిగా కాకుండా అన్నీ పక్కపక్కనే వేయించింది హేమ. సాలు వెంట మొల ఎత్తులో తాడు కట్టి, సాలు ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి కొయ్యలు పాతారు. ఎడమ చెయ్యి తాడు మీద వేసి, కుడి చేత్తో మొక్కలు లెక్కపెట్టుకుంటూ, కొయ్య తగలగానే పక్క సాల్లోకి తిరగడం రామతులసికి రెండు రోజుల్లో అలవాటైపోయింది. పాములుంటాయని రామకోటేశ్వరరావు మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనిచ్చాడు.

ఆమె మిట్టమధ్యాహ్నం తోటలోకి వెళ్ళేది. పొద్దున, సాయంత్రం బందరు రోడ్డు మీద లారీల మోత, వీధిలో పిల్లల క్రికెట్టు. పన్నెండు దాటితే ఊరు ఊరంతా సద్దుమణుగుతుంది. కళ్ళున్నవాళ్ళకి వెలుగెలాగో ఆమెకి ఆ నిశ్శబ్దం అలాగ. ఎదిరింటావిడ ఒకసారి అడ్డు చెప్పింది.

"ఆ టైములో తోటల్లో తిరగకూడదండీ. వేళ కాని వేళ."

"నాకు ఏ వేళైనా ఒకటేనండీ," అంది రామతులసి.

మొక్కలు మోకాలెత్తుకి వచ్చాక మొదటిసారి పైపాటుగా పిండి వెయ్యాలి. అక్కడివాళ్ళు యూరియాని పిండి అనే అంటారు. మొక్కజొన్నకి ఆకలి ఎక్కువ. అడుగున ఎంత ఎరువు వేసినా ఒకసారి మోకాలెత్తులో, ఇంకోసారి పూత వచ్చేముందు పెట్టాల్సిందే. పెట్టకపోతే కింది ఆకు కొన నుంచి ఈనె వెంట పసుపెక్కుతుంది. మొక్క మొదలుకి ఆనించకుండా బెత్తెడు దూరంలో వేలితో చిన్న గుంట చేసి, మూడు వేళ్ళకి వచ్చినంత వేసి, మట్టి కప్పి, నీళ్ళు పెట్టాలి.

ఆ రోజు బకెట్టు గట్టు మీద పెట్టి, డబ్బాతో కొంచెం కొంచెం తీసుకెళ్ళి వేస్తోంది. తడిచేతికి యూరియా చల్లగా తగులుతోంది. మూడో సాల్లో ఉండగా, ఇంకా అటువైపు సాల్లో మెత్తగా అడుగుల చప్పుడు వినబడింది. తడిమట్టిలో పాదం దిగడం, మళ్ళీ లేవడం. ఆమె ఆగితే అదీ ఆగింది. వంగితే అక్కడా ఆకు కదిలింది.

"ఎవరండీ?"

చప్పుడు ఆగింది. కుక్కైతే ఆగదు, మేకైతే మేస్తుంది. ఆమె మళ్ళీ పనిలో పడింది. అడుగులూ నడిచాయి. తొమ్మిదో సాల్లో మొదటి మొక్క దగ్గర గుంట చెయ్యబోతే వేలికి మట్టి కింద పలుకులు తగిలాయి. అప్పటికే వేసి ఉంది. రెండో మొక్కకీ, మూడోదానికీ ఉంది. చివరిదాకా తడిమింది. తొమ్మిది, పది, రెండు సాళ్ళకీ బెత్తెడు దూరంలో, తన చేత్తో వేసినంత ఒద్దికగా వేసి ఉంది. ఇరవై నాలుగేళ్ళలో ఒక ఊరి ఉత్తరం ఇంకో ఊరి గూట్లో వెయ్యని మనిషి తను. సాళ్ళ లెక్క తప్పుతుందని ఆమె అనుకోలేదు.

రాత్రి భోజనాలయ్యాక హేమ అడిగింది.

"అమ్మా, తోటలో బూట్లు విప్పి తిరిగావా?"

"లేదే. ఏం?"

"మోటారు కట్టెయ్యడానికి టార్చి వేసుకుని వెళ్ళి చూశాను. నీ బూట్ల అచ్చుల పక్కనే ఒట్టి పాదాలున్నాయి. చిన్నవి."

రామతులసి చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టడానికి బల్ల అంచు కోసం తడుముకుంది. ఆ ఇంట్లో ఆమె అలా తడుముకోవడం హేమ చాలా రోజుల తరవాత చూసింది.

ఆ తరవాత చప్పుడు రోజూ కాదుగానీ, వారంలో నాలుగైదు సార్లు వచ్చేది. ఆదివారాలు మాత్రం ఉండేది కాదు. ఎప్పుడూ రెండు సాళ్ళ అవతలే. మాట లేదు, దగ్గు లేదు. ఆమె కలుపు తీస్తే అక్కడ గడ్డి వేళ్ళతో తెగిన చప్పుడు, మొక్కల మొదళ్ళకి మట్టి ఎగదోస్తే అక్కడా మట్టి జారిన చప్పుడు. మొక్కలు నడుము దాటి, భుజం దాటి, ఆమె తల మీదికి పెరిగాయి. ఆకుల అంచులు చెంపకి గీసుకునేవి. భర్తకి చెప్తే ఒక ఆదివారం తనే గొడుగేసుకుని వచ్చి గంటసేపు నిలబడ్డాడు.

"ఏమీ లేదు తులసీ. ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. గాలి."

"ఇప్పుడు గాలుందా?"

అతను గొడుగు దించి ఆకుల వైపు చూశాడు. "ఇప్పుడు లేదులే," అన్నాడు.

మధ్యాహ్నం పూట తోటలోకి వెళ్ళొద్దని ఆ సాయంత్రం మెల్లిగా చెప్పి చూశాడు. కళ్ళతో పాటు మనసు కూడా చెదురుతోందేమోనన్న భయం అతని గొంతులో ఆమెకి తెలిసిపోయింది. అందుకే ఆ తరవాత ఆ సంగతి ఇంట్లో ఎత్తలేదు. వెళ్ళడమూ మానలేదు.

మార్చి రెండో వారంలో మొవ్వులోంచి పూత తొంగిచూస్తోందని హేమ చెప్పింది. రెండోసారి పిండి వేసే అదను అదే. మర్నాడు పన్నెండున్నరకి రామతులసి డబ్బా పట్టుకుని దిగింది. మొక్కల మధ్య ఉక్కగా, పచ్చివాసనగా ఉంది. ఆకు కదలడం లేదు. అడుగుల చప్పుడూ లేదు. అయిదు సాళ్ళు పూర్తిచేసి ఆరో సాల్లోకి తిరిగింది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ఇరవయ్యో మొక్కకి పెట్టి, మట్టి కప్పి, కొయ్య కోసం చెయ్యి చాపింది.

తగిలింది కొయ్య కాదు. గుండ్రంగా, సన్నగా, మణికట్టంత ఉంది. మణికట్టే. ఆ ఎండలో అది చల్లగా ఉంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది. అవతలి చెయ్యీ కదల్లేదు. కాసేపటికి తన ముఖానికి చాలా దగ్గరగా ఒక ఆడగొంతు, ముసలిది, ఏ తొందరా లేకుండా అంది.

"మొదలుకి ఆనించమాకే కోటమ్మా, మాడిపోద్ది. బెత్తెడు ఎడంగా ఎయ్యి."

"నేను కోటమ్మని కాదండీ," అంది రామతులసి. తన గొంతు తనకే ఎక్కడో దూరంగా వినబడింది. "మీరెవరు?"

ఆ చెయ్యి విడిపించుకుంది. ఆకులు కదిలాయి. "మిగతా నాలుగు సాళ్ళూ ఆళ్ళేస్తున్నార్లే. మనం పోదాం పద. పడవ వచ్చిద్ది," అంటూ అడుగులు గోడ వైపు వెళ్ళి, అక్కడ ఆగిపోయాయి.

రామతులసి ఇంట్లోకి ఎలా వచ్చిందో ఆమెకి గుర్తులేదు. డబ్బా తోటలోనే పడిపోయింది. బూట్లతోనే మంచం మీద కూర్చుని ఉంటే రామకోటేశ్వరరావు భోజనానికి వచ్చాడు. ఆమె లేచి బూట్లు విప్పి అన్నం వడ్డించింది.

సాయంత్రం వెనకింటామె తలుపు తట్టింది. ఆమె పేరు శ్రీదుర్గ. సంక్రాంతి వెళ్ళాక అద్దెకి దిగారు. ప్రైవేటు స్కూల్లో టీచరు. రామతులసికి ఆమె గొంతు వినడం అదే మొదటిసారి.

"ఏమనుకోకండి ఆంటీ. మా అత్తగారు మీ తోటలోకి వస్తున్నట్టున్నారు. ఇవాళ చేతులనిండా, చీర కొంగుకీ యూరియా పలుకులున్నాయి. గేటుకి తాళం వేసే వెళ్తాను. వెనక గోడకి ఒక చోట ఇటుకలు ఊడిపోయిన సంగతి నేను చూసుకోలేదు."

రామతులసి గట్టిగా ఊపిరి వదిలింది. చల్లటి మణికట్టు, చిన్న పాదాలు, స్కూలు లేని ఆదివారాలు, అన్నీ వాటి వాటి గూళ్ళలో పడ్డాయి.

"ఆవిడ పేరేంటమ్మా?"

"సంపూర్ణమ్మ. మూడేళ్ళ నుంచి మతిమరుపు. మమ్మల్నీ పోల్చుకోలేరు. వయసులో ఉన్నప్పుడు ఏటి అవతల లంకల్లోకి కూలికి వెళ్ళేవాళ్ళు, ఏడుగురు ఆడవాళ్ళ ముఠా. మొక్కజొన్నకి పిండి వెయ్యడంలో వీళ్ళ చెయ్యే చెయ్యి అనేవాళ్ళట. ఒకరోజు ఈవిడకి జ్వరమొచ్చి వెళ్ళలేదు. ఆ రోజే సాయంత్రం పడవ తిరగబడింది. ఆరుగురూ పోయారు. నలభై ఏళ్ళ నాటి మాట. మతి ఉన్నన్నాళ్ళూ వాళ్ళ పేరెత్తలేదు. ఇప్పుడు రోజూ వాళ్ళతోనే మాటలు."

ఆవిణ్ణి గదిలో పెట్టి తాళం వేస్తానంది శ్రీదుర్గ. రామతులసి వద్దంది. తాళంచెవి ఇచ్చి వెళ్తే మధ్యాహ్నం గేటు దగ్గరికి తనే వెళ్ళి, చెయ్యి పట్టుకుని తెచ్చుకుంటానంది. కళ్ళు లేని మనిషి మతి లేని మనిషికి కాపలా ఏమిటని శ్రీదుర్గ అనుకునే ఉంటుంది. పైకి మాత్రం, "మీ ఇష్టం ఆంటీ," అంది.

మర్నాడు ఇద్దరూ కలిసి తోటలో దిగారు. సంపూర్ణమ్మ అరచెయ్యి గరుకుగా, ఎముకలు తేలి ఉంది. రామతులసికి మిగిలిపోయిన నాలుగు సాళ్ళు గుర్తొచ్చాయి.

"ఏడు నుంచి పది దాకా పిండి పడలేదు కదమ్మా. వేద్దామా?"

"ఆళ్ళు ఏస్తన్నారుగా. ఇనబట్టల్లా?"

రామతులసి ఆమె చెయ్యి వదలకుండా నిలబడింది. సంపూర్ణమ్మ ఊపిరి తన భుజం పక్కనే ఉంది. ఆవిడ పాదాలు తన బూట్లకి ఆనుకునే ఉన్నాయి. తోటలో ఇంకెవరూ లేరు.

ఎనిమిదో సాల్లో ఆకు కదిలింది. మెత్తటి అడుగు, ఆగడం, మళ్ళీ అడుగు. ఆ చివర నుంచి ఈ చివరకి, ఒక్కో మొక్క దగ్గర వంగి లేస్తున్నంత నిదానంగా వచ్చింది. కొంచెం వెనకగా తొమ్మిదో సాల్లో ఇంకొకటి మొదలైంది.

"ఆ వెనక వచ్చేదెవరు?" అని అడిగింది రామతులసి, గుసగుసగా.

"నాగరత్నం. అదెప్పుడూ ఎనకబడిద్ది," అంది సంపూర్ణమ్మ.

కళ్ళున్న మనిషైతే ఆకులు పక్కకి తప్పించి చూసి, ఉన్నదో లేదో తేల్చుకునేది. రామతులసికి ఆ వీలు లేదు. భర్త అయినా, కూతురైనా, బతికున్న ఎవరైనా ఆమెకి అడుగుల చప్పుడే. ఇవీ అడుగుల చప్పుళ్ళే. వీటిని వేరే గూట్లో వెయ్యడానికి ఆమె దగ్గర ఆధారమేదీ లేదు. అవి దగ్గరికి రాకముందే సంపూర్ణమ్మని లాక్కుని గట్టెక్కేసింది.

ఆ రాత్రే సంపూర్ణమ్మకి జ్వరం తగిలింది. ఒళ్ళు తెలియలేదు. శ్రీదుర్గ స్కూలుకి సెలవు పెట్టి ఎనిమిది రోజులు మంచం పక్కనే ఉంది. ఆ ఎనిమిది రోజులూ రామతులసి తోట వైపు వెళ్ళలేదు. నీళ్ళు హేమే పెట్టింది. ఆదివారం గట్టు మీంచి చూసి చెప్పింది.

"అమ్మా, ఈ పక్క ఆరు సాళ్ళూ నల్లటి పచ్చగా ఉన్నాయి. ఆ చివర నాలుగూ పాలిపోతున్నాయి. కింది ఆకులు కొసల నుంచి పసుపెక్కుతున్నాయి. వాటికి పిండి వెయ్యలేదా?"

అయితే ఎవరూ వెయ్యలేదన్నమాట. రామతులసికి మనసు తేలికపడింది. విన్నదంతా తన భయమేనని, పచ్చటి మొక్కలు పసుపెక్కి మరీ చెప్పాయి. పొత్తులకి పీచు వస్తోంది. అదను దాటుతోంది. సోమవారం మధ్యాహ్నం బకెట్టు తీసుకుని ఒంటరిగా వెళ్ళింది.

ఏడో సాల్లో మొదటి మొక్క దగ్గర వంగింది. గుంట చెయ్యడానికి వేలు ఆనిస్తే వేలు లోపలికి దిగిపోయింది. అక్కడ గుంట ఉంది. మొదలుకి సరిగ్గా బెత్తెడు దూరంలో, ఒక వేలి లోతున తవ్వి ఉంది. లోపల తడిమింది. ఖాళీ. ఒక్క పలుకు లేదు. మట్టి కప్పలేదు.

రెండో మొక్కకీ గుంట ఉంది. మూడోదానికీ ఉంది. సాలంతా తడుముకుంటూ వెళ్ళింది. ఎనిమిదో సాలు, తొమ్మిదో సాలు, పదో సాలు. ఎనభై మొక్కలకీ ఎనభై గుంటలు, అన్నీ ఒక్క తీరున తవ్వి, వెయ్యడానికి పిండి లేక అలాగే వదిలేసి ఉన్నాయి.

సంపూర్ణమ్మే తవ్విందా అని ఆలోచించింది. ఆవిడ మంచం దిగలేదు. అంతకుముందే తవ్వి ఉంటే, హేమ పెట్టిన నీళ్ళకి మట్టి జారి పూడిపోయి ఉండాలి. ఇవి కొత్తవి. అంచులు ఇంకా గట్టిపడలేదు.

ఆ రోజు ఆమె పారిపోలేదు. ఎందుకో తనకీ తెలియలేదు. డబ్బా నింపుకుని మొదటి గుంట దగ్గరికి వచ్చి, మూడు వేళ్ళకి వచ్చినంత వేసి, మట్టి కప్పింది. అలాగే రెండోదానికి. చుట్టూ ఒక్క ఆకు కదల్లేదు. ఒక్క అడుగు పడలేదు. తోట నిండా మనుషులుండి, అందరూ పని ఆపి తనని చూస్తున్నట్టు మెడ మీద బరువుగా ఉంది. చెమట ఆరిపోయి ఒళ్ళు చల్లబడింది. ఎనభయ్యో గుంట కప్పి నిలబడేసరికి రెండు దాటింది. గుమ్మంలోంచి భర్త పిలుస్తున్నాడు.

"ఇంతసేపు ఒక్కదానివే ఏం చేస్తున్నావు?"

"పిండి వేస్తున్నానండీ," అంది. గుంటల సంగతి ఆయనకీ చెప్పలేదు, హేమకీ చెప్పలేదు.

ఏప్రిల్ మూడో వారానికి పీచు నల్లగా ఎండింది. రేకు తీసి గోరుతో గింజ నొక్కితే పాలు చిమ్మాయి. ఆలస్యంగా తిన్న నాలుగు సాళ్ళలో పొత్తులు కాస్త పొట్టిగా ఉన్నాయిగానీ, చివరిదాకా గింజ నిండింది. వీధిలో ఇంటింటికీ పంచారు. రామతులసి నాలుగు పొత్తులు ఉడకబెట్టి శ్రీదుర్గ ఇంటికి పట్టుకెళ్ళింది. సంపూర్ణమ్మ జ్వరం తగ్గి వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. పళ్ళు లేవని రామతులసే గింజలు ఒలిచి ఆమె అరచేతిలో పెట్టింది. ఆవిడ నెమ్మదిగా నమిలి మింగింది.

"నువ్వెవరమ్మా? కళ్ళు కనబడవా?"

మొదటిసారి ఆ గొంతు తనని తనుగా పలకరించింది. రామతులసి తన పేరు చెప్పింది. గోడ అవతలి ఇంట్లో ఉంటానంది. తోటలో ఇద్దరం కలిసి పనిచేశామంది. అడగకుండా ఉండలేక అడిగేసింది.

"నాగరత్నం, కోటమ్మ, వాళ్ళంతా ఏరమ్మా?"

"ఏట్లో పోయారమ్మా," అంది సంపూర్ణమ్మ, స్పష్టంగా. "ఎప్పుడో పోయారు. ఆ రోజు ఇంకా నాలుగు సాళ్ళు మిగిలినయ్యంట. పిండి అయిపోయిందంట. రేపొచ్చి ఏద్దామని గుంటలు తీసిపెట్టుకుని పడవెక్కారు. నాకు ఆసామి చెప్పాడు."

లోపల శ్రీదుర్గ మిక్సీ వేస్తోంది. ఆ మోత ఆగేదాకా రామతులసి కదలకుండా కూర్చుంది. అప్పటికి సంపూర్ణమ్మ మతి మళ్ళీ ఎటో వెళ్ళిపోయింది. అరచేతిలో మిగిలిన గింజల్ని ఒక్కొక్కటే కుర్చీ పక్కన నేల మీద, సమాన దూరంలో పెడుతూ ఉంది.

మే నెలలో శ్రీదుర్గ భర్తకి బదిలీ అయి వాళ్ళు మైలవరం వెళ్ళిపోయారు. వెనక గోడకి ఇటుకలు పెట్టించారు. ఎండాకాలమంతా ఆ స్థలం ఉత్తిగా ఉంది. పన్నెండు గంటల వేళ రామతులసి గట్టు మీద నిలబడి చెవి పెట్టేది. ఏమీ వినబడేది కాదు. ఆ నిశ్శబ్దం ఆమెకి ఊరటగా లేదు, భయంగానూ లేదు. ఇంట్లోంచి మనుషులు వెళ్ళిపోయినట్టుండేది.

జూలైలో వానలు పడ్డాక మళ్ళీ పది సాళ్ళు వేయించింది. మోకాలెత్తు రాగానే పిండి వెయ్యడానికి దిగబోతే, హేమ సెలవు పెట్టి సాయం చేస్తానంది. వద్దని బస్సెక్కించి పంపేసింది. ఆ మధ్యాహ్నం ఆరు సాళ్ళకి తన చేత్తో వేసింది. సగం నిండా ఉన్న బకెట్టుని ఏడో సాలు మొదట్లో పెట్టి, మూత తీసి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంట్లోకి నడిచింది. తిరిగినా కనబడదని తెలుసు. అయినా తిరగలేదు.

సాయంత్రం భర్త షాపునుంచి వచ్చేలోపల వెళ్ళి బకెట్టు తెచ్చేసింది. ఎత్తినప్పుడు అది ఎంత బరువుగా ఉందో ఎవరికీ చెప్పలేదు. ఆ నాలుగు సాళ్ళకి తన చేత్తో వెయ్యనూ లేదు. ఆ కాపులో పదికి పది సాళ్ళూ చివరిదాకా నల్లటి పచ్చగా ఉన్నాయని హేమ అంటే, "సరే," అని మాత్రం అంది.